కాగితాలమ్మ మాట

నాకు అక్షరాలు వచ్చి ఆరేండ్లయింది. ఈ నాలుగు పేజీలు రాయడానికి ఇంత కాలం పట్టిందంటే తప్పు అక్షరాలది కాదు. మొదట్లో వాటి మీదే పెట్టినాను. ఒత్తులు సరిగ్గా పడవు, పొడుగు మాట రాస్తే మధ్యలో ఒక అక్షరం జారిపోతుంది, చెయ్యి కుదిరినాక రాద్దాంలే అనుకున్నాను. చెయ్యి కుదిరింది. సంఘం మీటింగు పుస్తకం నేనే రాస్తున్నాను. తనకల్లులో ఉండే మా చెల్లెలికి ఉత్తరాలు రాసినాను. మా ఊరికి పొద్దున పూట బస్సు కావాలని అర్జీ రాసింది కూడా నేనే. ఆమె గురించి మాత్రం రాయలేదు. ఆమె గురించి రాస్తే, ఒక రోజు పదిమందిలో నేను నోరు మూసుకొని నిలబడిన సంగతి కూడా రాయాలి. అది వదిలేసి మిగతాది ఎంత రాసినా అబద్ధమే అవుతుంది. పోయిన వారం దాకా నాకు ఆ ధైర్యం లేదు.

ఆమె పేరు రాయను. ఊర్లో కూడా ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. కాగితాలమ్మ అన్నారు. ఎప్పుడు చూసినా చేతిలో కాగితాలుండేవి కాబట్టి ఆ పేరు. ఒక టీవీ సీరియల్ తీయడానికి నల్లమాడ పక్క మా పల్లెకు వచ్చింది. రోజూ వచ్చే అత్తాకోడళ్ల సీరియల్ కాదు. ఆరు భాగాలు, ఒక్కొక్కటి గంట. కరువు కాలంలో గంజి కేంద్రం నడిపిన ఆడవాళ్ల కథ. అందులో వేషం వేసేది ఆమె కాదు, కెమెరా వెనక నిలబడి చెప్పేది కూడా ఆమె కాదు. దానికి కావలసిన పెట్టుబడిని, మనుషులను, అనుమతులను ఒకచోటికి చేర్చేది ఆమె పని. పుట్టింది హిందూపురం పక్క, పెరిగింది బెంగళూరు. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ కన్నడంలోకి పోయి మళ్లీ తిరిగి వచ్చేది. పొద్దున్నే మా ఇంటికి రాగానే, అన్నం తిన్నావా అనేదానికి, "ఊట అయిందా అక్కా?" అని అడిగేది. నేను మొదట్లో మేడమ్ అన్నాను. వారం తిరిగేలోపల అమ్మణ్ణీ అనడం మొదలుపెట్టినాను.

మా ఇంటి ముందరి గదిని ఆఫీసుకు తీసుకున్నారు. మొదటి రోజే ఆమె గుంజకు మూడు మేకులు కొట్టించి మూడు గుడ్డసంచులు తగిలించింది. ఎర్రది, నీలంది, తెల్లది. ఇవేంది అని అడిగితే, ఈ సీరియల్ ముగ్గురి పొత్తు అని చెప్పింది. ఎర్రసంచి ఒక పెద్ద దేశంలోని పెద్ద కంపెనీది. సగానికి పైగా పెట్టుబడి వాళ్లదే. అందుకని ముఖ్యమైన వేషం ఎవరు వేయాలో వాళ్లే చెప్తారు. నీలంసంచి ఒక చలిదేశంలోని చిన్న కంపెనీది. వాళ్లకు వాళ్ల సర్కారు సాయం చేస్తుంది. ఆ సాయానికి బదులుగా కెమెరా పట్టేవాడు ఆ దేశంవాడే ఉండాలి. ఇంకొకటి, వాళ్ల సంవత్సరం ముగిసేలోపల వాడుకోకపోతే ఆ సాయం వెనక్కి పోతుంది. తెల్లసంచి ఆమె సొంత కంపెనీది. ఒకరి కాగితం ఇంకొకరి సంచిలో పడకూడదు. ఒకసారి గాలికి ఒక కాగితం ఎగిరి ఎర్రసంచిలో పడింది. మనుషులను తిట్టని మనిషి ఆ రోజు గాలిని తిట్టింది.

ముగ్గురితో ఎట్లా వేగుతావు అని అడిగితే నవ్వి, "ముగ్గురికీ నా మీద సమానంగా కోపముండాదంటే పని బాగా జరుగుతాండాదని లెక్కక్కా" అనేది. ఆ మాట రోజుకొకసారి అనేది. ఒక్కొక్క రోజు నవ్వకుండా అనేది.

కలాన్ని కొప్పులో గుచ్చుకొని ఇల్లంతా వెతికేది. సంగటిని చెంచాతో తినేది. ఊర్లో ఆడవాళ్లు ఆ వింత చూడటానికే మా ఇంటికి వచ్చేవాళ్లు. ఎవరి చేనులో కాలు పెట్టాలన్నా ముందు అది ఎవరిదని అడిగి, వాళ్లను పిలిపించి, వాళ్లు సరే అన్నాక చెప్పులు విడిచి దిగేది. శనక్కాయ పీకేసిన బీడు చేనుకు కూడా అంతే. ఆమె వెంట వచ్చినవాళ్లు విసుక్కునేవాళ్లు. ఆమె మాత్రం మారలేదు.

అప్పట్లో మా ఊర్లో ఫోను అందేది ఊరి వెనకున్న పెద్ద రాతిగుండు మీద మాత్రమే. పొద్దుగూకే ముందు ఆమె ఆ గుండెక్కి ముగ్గురితో మాట్లాడేది. కింద గొర్రెలు తోలుకుపోయేవాళ్లు కూడా ఆమె ఎవరితో మాట్లాడుతున్నదో చెప్పగలిగేవాళ్లు. పెద్ద కంపెనీతో అయితే కదలకుండా నిలబడి, ఖాళీ చెయ్యి వెనక్కి పెట్టుకునేది, బడిలో అయ్యవారి ముందు నిలబడినట్టు. చలిదేశం ఆయనతో అయితే గుండు మీద కూర్చొని కాళ్లు ఊపేది. బెంగళూరు ఆఫీసుతో అయితే కన్నడంలో కేకలే. దిగి వచ్చినాక చెంబెడు మజ్జిగ అడిగేది. నిలబడే తాగేది.

నా పని మాట చూసేది. అట్లాంటి పని ఒకటి ఉంటుందని నాకు తెలియదు. వేషాలు వేసేవాళ్లు యాడాడి నుంచో వచ్చినవాళ్లు. వాళ్ల నోట మా మాట సరిగ్గా పలుకుతున్నదో లేదో వినడానికి చెవులకు పెద్ద తొడుగులు పెట్టి నన్ను స్టూలు మీద కూర్చోబెట్టినారు. తప్పు పలికితే చెయ్యెత్తాలి. మాటలు రాసిన కాగితాలు నాకిచ్చినప్పుడు నేను వాటిని ఒళ్లో పెట్టుకొని ఊరికే చూస్తున్నాను. ఆమెకు అర్థమైంది. నలుగురిలో అడగలేదు. రేపటి నుంచి పొద్దున్నే మనమిద్దరమే ఒకసారి చదువుకుందామని చెప్పింది. ఆమె చదివేది, నేను వినేదాన్ని.

ఒకరోజు కథలో గంజి కేంద్రం నడిపే మనిషి చెప్పే మాట చదివింది. దయచేసి అందరూ వరుసలో నిలబడండి అని రాసి ఉంది. నాకు నవ్వాగలేదు. ఆకలితో వచ్చినవాళ్లకు ఈడ ఎవరూ అట్ల చెప్పరు అన్నాను. మరెట్ల చెప్తారని అడిగింది. "ఒకరెనక ఒకరు రాండమ్మా, గంజి యాడికీ పోదు" అని చెప్పినాను. కొప్పులోంచి కలం తీసి రాసుకుంది. ఆ ఒక్క మాట మూడు దేశాలకు పోయి ఒప్పుకోలు తెచ్చుకోవాలంట. పదిరోజులకు ఎర్రసంచి వాళ్ల నుంచి ప్రశ్న వచ్చింది, గంజి ఎక్కడికైనా ఎందుకు పోతుంది అని. ఆమె ఆ కాగితం పట్టుకొని కండ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాత గుండెక్కి, చెయ్యి వెనక్కి పెట్టుకొని, అరగంట సేపు వాళ్లకు వివరించింది. ఆ మాట అట్లే నిలబడింది.

ఇంక ఆ రోజుకు దారి తీసిన సంగతి. వానాకాలం ముందర. మా ఇంటి ముందరి అరుగు, జగిలి మీద కూర్చొని శనక్కాయలు ఒలుస్తున్నాను. ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చొని తానూ ఒలవసాగింది. మనసు ఇక్కడ లేదని తెలుస్తున్నది, పొట్టు చేటలో వేసి గింజలు కింద పడేస్తున్నది. ఏమైందని అడిగినాను. ఏది ముందు తీయాలో తెలియడం లేదంది. పెద్ద కంపెనీ వాళ్లకు మొదటి రెండు భాగాలు తొందరగా కావాలి. అవి చూపిస్తేనే వాళ్ల పైవాళ్లు సంతోషపడతారు. చలిదేశం ఆయన పెట్టుబడి అంతా చేన్లలో తీసే మూడో భాగం, నాలుగో భాగం మీద ఉంది. అవి వాళ్ల సంవత్సరం ముగిసేలోపల తీయకపోతే సాయం పోతుంది, ఆ చిన్న కంపెనీ మునిగిపోతుంది.

నేను ఊరికే ఉండలేక మా ఎద్దుల పొత్తు గురించి చెప్పినాను. మా ఆయన బతికున్నప్పుడు మాకు ఒక్కటే ఎద్దు, పెద్దది. పక్కింటి గంగులమ్మ వదినోళ్లకు ఒక్కటే ఎద్దు. రెండూ జతకట్టి ఇరవై ఏండ్లు సేద్యం చేసినాము. మాది వంక పక్క చేను, వాన పడితే నాలుగు రోజులు తడి ఉంటుంది. వాళ్లది మిట్టచేను, అంతా రాళ్లు, రెండు రోజులకే ఆరిపోతుంది.

ఆమె ఒలవడం ఆపింది. "వాన పడిన పొద్దు ఎవరి చేను ముందక్కా? పెద్ద ఎద్దు ఎవరిదో వాళ్లదా?"

"ఎద్దును చూసి కాదు అమ్మణ్ణీ, చేనును చూసి. ఏది ముందు ఆరిపోతాదో అది ముందు."

"పెద్ద ఎద్దు మీదే కదా. మీ ఆయన ఒప్పుకునేవాడా?"

"ఒప్పుకోకేం. ఇరవై ఏండ్లు ఒప్పుకున్యాడు."

గర్వంగానే చెప్పినాను. ఇంకొకటి చెప్పలేదు. ఒక ఏడు మిట్టచేను విత్తనం పడేలోపల పడమటి గాలి లేచి మా చేను కూడా ఆరిపోయింది. సగం చేను బీడు పెట్టుకున్నాము. మా ఆయన ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. ఆ పద్ధతి నిలబడింది ఎద్దుల వల్ల కాదు, అనకుండా ఊరుకున్న ఆ మనిషి వల్ల. ఆ ముక్క ఆమెకు చెప్పి ఉంటే ఇంకొకసారి ఆలోచించుకునేదేమో. గొప్ప చెప్పుకుంటున్నప్పుడు నష్టం గుర్తుకు రాదు.

ఆమె లేచి లోపలికి పోయింది. నేను చేట ఎత్తుకొని పోయేటప్పటికి నీలంసంచి మొదటి మేకుకు తగిలించి ఉంది.

చేన్లలో భాగాలే ముందు తీసినారు. మా ఊరి ఆడవాళ్లందరికీ గంజి వరుసలో నిలబడే పని దొరికింది. శనక్కాయ పీకే దాకా పనుంటుందని అందరికీ చెప్పినారు. ఇంటి కప్పు వేయించుకుందామని, ఆవు కొందామని అందరూ అనుకున్నారు. రెండు నెలలకు ఎర్రసంచి వాళ్లు పొత్తులోంచి తప్పుకున్నారు. తమ భాగాలు వెనక్కి పెట్టడం మాట తప్పడమే అన్నారంట. ఆమె వారం రోజులు గుండు మీదే ఉంది. దిగి వచ్చిన ప్రతిసారీ మజ్జిగ ఇచ్చినాను. నిలబడే తాగి మళ్లీ గుండెక్కేది. చేసిన పనికి కూలీ అందరికీ అందింది. పోయింది ముందున్న పని.

లారీలన్నీ పోయినాక డ్రైవరును మాత్రం తోడు తెచ్చుకొని ఆమె కారులో వచ్చింది. ఎవరితోనైనా చెప్పి పంపించి ఉండవచ్చు. ఇంటింటికీ తిరిగి తానే చెప్పింది. గంగులమ్మ వదిన జగిలి కాడికి వచ్చేటప్పటికి పదిమంది చేరినారు. నేనూ ఉన్నాను, చేతిలో మజ్జిగ చెంబు పట్టుకొని. వదిన అప్పటికే ఆవు కొంటానని మాట ఇచ్చి ఉంది. నోటికి వచ్చినట్టు అనింది. ఆ మాటలన్నీ రాయను. చివరికి, "ఏమమ్మా, ఎవురు చెప్పినారు నీకు ఇట్ల చేయమని? పెద్దోళ్లను వదిలిపెట్టి చిన్నోళ్ల ఎనక పొమ్మని ఏ తెలివితక్కువది చెప్పింది?" అని అడిగింది.

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను చెప్పేదాన్నేమో. అది కూడా ఇప్పుడు చెప్పుకునే సాకే.

"ఎవురూ చెప్పలేదు వదినా. నేను అనుకునిందే. తప్పు నాది" అనింది.

నేను నిలబడినాను. చెంబులో మజ్జిగ అట్లే ఉంది.

కారు కాడికి వెంబడి పోయినాను. "అమ్మణ్ణీ, నేను చెప్పిందే కదా..." అని మొదలుపెడితే చెయ్యి పట్టుకొని ఆపింది.

"నేను పోయేదాన్నక్కా. నువ్వు ఈడ ఉండాల" అనింది.

నాకు అప్పుడు బరువు దిగినట్టే అనిపించింది. అది రాయకపోతే పాపం.

తర్వాత చలిదేశం ఆయన, ఆమె కలిసి, తీసినవాటితోనే ఆరు భాగాలను మూడు చేసి ముగించినారంట. ఆ దేశంలో టీవీలో వచ్చిందని ఆమె ఫోన్ చేసి చెప్పింది. ఆ చిన్న కంపెనీ నిలబడిందంట, కానీ ఆమె కంపెనీకి పెద్దోళ్లు ఎవరూ మళ్లీ పొత్తుకు రాలేదంట. ఆ రెండో సంగతి ఆమె చెప్పలేదు, ఆ డ్రైవరు చెప్పినాడు. ఆమె మాత్రం మా పక్క వాన పడిందని తెలిసినప్పుడల్లా ఫోన్ చేసి, "పదునైందా అక్కా?" అని అడిగేది. విత్తనం వేసేంత తడి దిగిందా అని. అయింది అంటే మురిసిపోయేది. ఊర్లో అందరూ బాగుండారా అనేది. బాగుండారు అనేదాన్ని.

ఊర్లో ఆమె పేరు ఏమైందో ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. మాట ఇచ్చి తప్పేవాళ్లను మా ఊర్లో కాగితాలమ్మ అంటారు. బోరుకు కరెంటు ఇస్తామని ఆఫీసరు చెప్పిపోతే, అది కాగితాలమ్మ మాటలే అంటారు. సంబంధం చూసిపోయినవాళ్లు తిరిగి రాకపోతే కాగితాలమ్మ మాట. ఆమె ముఖం చూడని పిల్లలు కూడా అంటారు. పాలకేంద్రం కాడ, రేషన్ షాపు కాడ, నా పక్కనే నిలబడి అంటారు. విన్నప్పుడల్లా కొంగు సర్దుకున్నాను.

అక్షరాలు నేర్చుకునింది ఆమె ఊరు విడిచి పోయినాకే. సాయంత్రాలు బడిలో అంగన్‌వాడీ టీచరు పెద్దవాళ్లకు చెప్తుంటే పోయి కూర్చున్నాను. ఆమె చదివితే విన్న ఆ పొద్దుటిపూటలు నాకు అలవాటైపోయినాయి, చదివి వినిపించే మనిషి లేదు. నల్లమాడ బస్సు బోర్డు మొదటిసారి నేనే చదివిన రోజు ఆమెకు ఫోన్ చేసినాను. ఆ బోర్డు మాట మళ్లీ ఒకసారి నాతో చెప్పించుకునింది. తర్వాత, ఇంక నేను నీకు చదవాల్సిన పనిలేదు కదక్కా అనింది.

పోయిన వారం సాయంత్రం ఆవుకు గడ్డి వేస్తుంటే ఆమె నంబరు నుంచి ఫోన్ వచ్చింది. వాన పడలేదే, ఎందుకు చేసిందబ్బా అనుకున్నాను. ఆమె కాదు, అప్పట్లో కారు నడిపిన డ్రైవరు. హిందూపురం అబ్బాయి, ఇప్పుడు వాడికీ తల నెరిసింటుంది. అమ్మ పోయి తొమ్మిది రోజులైందక్కా, లివరు చెడిపోయింది, ఎవరికీ చెప్పొద్దనింది అన్నాడు. ఫోన్‌లో ఉన్న పేర్లు చూసి ఒక్కొక్కరికే చెప్తున్నాడంట. నేను గోడకానుకొని కూర్చున్నాను. పెట్టేసే ముందు, "మీ ఊర్లో అందరికీ చెప్పక్కా. అమ్మ ఎప్పుడూ మీ ఊరోళ్ల మాటే మాట్లాడేది. మీ అందరికీ కూడా అమ్మంటే ప్రాణం కదా" అన్నాడు.

చెప్తాలేప్పా అన్నాను.

మర్నాడు పొద్దున పాలక్యాను ఎత్తుకొని పాలకేంద్రానికి పోయినాను. గంగులమ్మ వదిన నాకంటే ముందుంది. పాలు కొలిచే ఆయప్ప, ఈ వారం పాల బిల్లులు తప్పకుండా వస్తాయని చెప్తున్నాడు. వదిన నవ్వి, "ఆఁ, వస్తాయిలే. కాగితాలమ్మ మాటే కదా అది కూడా" అనింది. పదిమందీ నవ్వినారు.

"వదినా, ఆ మాట ఇంకెప్పుడూ అనొద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె పోయిందని చెప్పినాను. వరుస తప్పించి తీసింది తన తెలివితో కాదని, నేను చెప్పినందుకని చెప్పినాను. శనక్కాయలు ఒలుస్తూ ఏం చెప్పినానో మాట మాటా చెప్పినాను. పాలాయప్ప కొలపాత్ర చేతిలోనే పట్టుకొని వింటున్నాడు.

వదిన నా ముఖంలోకి చూసింది. "అంటే మా మిట్టచేను లెక్క చూసి ఆయమ్మ అట్ల చేసిందా మే?"

"ఊఁ."

"ఆ పొద్దు నేను ఆయమ్మను అన్న మాటలన్నీ నువ్వు ఇనుకుంటా నిలబడింటివి."

"నిలబడింటి."

"నా నోట ఇన్నేండ్లూ అనిపించినావు."



వదిన తన క్యాను ఖాళీ చేయించుకొని, మూత బిగించుకొని, వెనక్కి చూడకుండా నడిచింది. రోజూ ఇద్దరమూ కలిసే ఇంటికి పోతాము. ఆ రోజు నేను పాలు పోసి వచ్చేటప్పటికి వదిన బడి దాటి మలుపు కాడ ఉంది. నేను తొందరపడలేదు, ఆగమని పిలవలేదు. ఖాళీ క్యాను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ ఒక్కదాన్నే నడిచి ఇంటికి వచ్చినాను.